ఇంటి ఆర్కేడ్ మెషిన్‌కు ఏ స్పిన్నర్ తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఆర్కేడ్ మెషిన్ (వీడియో గేమ్ పార్లర్లలో ఉండే పెద్ద గేమ్ పెట్టె) కట్టుకునేవాళ్లకు జాయ్‌స్టిక్, బటన్లు ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. చిక్కంతా స్పిన్నర్ దగ్గరే వస్తుంది. మన దగ్గర దీన్ని షాపులో పెట్టి అమ్మరు, చేత్తో తిప్పి చూసే వీలుండదు, ఆన్‌లైన్‌లో కనిపించే వివరాల్లో సగం అంకెలే. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్న క్యాబినెట్‌కు ఇప్పటిదాకా మూడు స్పిన్నర్లు మార్చాను. మిత్రులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఆ అనుభవంతో జవాబులు రాస్తున్నాను.

స్పిన్నర్ అంటే అసలు ఏమిటి?

ఎంత తిప్పినా ఆగని నాబ్. ఎడమకు తిప్పితే ఎడమకు, కుడికి తిప్పితే కుడికి, ఎన్ని చుట్లయినా తిరుగుతూనే ఉంటుంది. మొదలూ చివరా లేవు. వేళ్లతో ఒక్క విదిలింపు విదిలిస్తే బొంగరంలా గిర్రున తిరగాలి, మళ్లీ వేలు ఆనించగానే టక్కున ఆగాలి.

నాబ్ కింద షాఫ్ట్ ఉంటుంది. షాఫ్ట్‌కు సన్నటి గాళ్లు (చీలికలు) ఉన్న ఒక చక్రం ఉంటుంది. దాని అంచున రెండు లైట్ సెన్సర్లు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. చక్రం తిరుగుతుంటే ఆ గాళ్లలోంచి వెలుగు వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని సెన్సర్లు లెక్కపెడతాయి. మరి ఎటు తిరుగుతోందో ఎలా తెలుస్తుంది? తిరునాళ్లలో రంగులరాట్నం పక్కన ఇద్దరు పిల్లలు నిలబడ్డారనుకోండి. ఒక్కో గుర్రం ముందు ఎవరి ఎదుటికి వస్తే, రాట్నం అటు నుంచి తిరుగుతోందన్నమాట. ఇక్కడా అంతే. ఒక సెన్సర్ కంటే రెండోది కాస్త ఆలస్యంగా చూస్తుంది, ఆ తేడాను బట్టి దిక్కు తెలుస్తుంది.

పాడిల్, స్పిన్నర్ ఒకటేనా?

కాదు. చాలామంది ఇక్కడే పొరబడి తప్పు వస్తువు కొంటారు. 1972 నాటి పాంగ్, 1976 నాటి బ్రేకౌట్ ఆటల్లో ఉన్నది పాడిల్. అది పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ లాంటిది: ముప్పావు చుట్టు తిరిగి రెండు వైపులా గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. నాబ్ ఎక్కడుందో తెర మీద బ్యాటు అక్కడే ఉంటుంది. స్పిన్నర్‌కు "ఎక్కడుంది" అన్న లెక్క లేదు, "ఎంత కదిలింది" అన్నదొక్కటే తెలుసు. స్పిన్నర్‌తో బ్రేకౌట్ ఆడొచ్చు, ఇబ్బందేమీ ఉండదు. పాడిల్‌తో టెంపెస్ట్ మాత్రం ఆడలేరు. చుట్టూ తిరగాల్సిన చోట నాబ్ మధ్యలో ఆగిపోతే ఇంకేం ఆడతాం?

ఏ ఏ ఆటలకు స్పిన్నర్ కావాలి?

మొదట చెప్పాల్సింది టెంపెస్ట్. 1981లో అటారీ తెచ్చింది, డేవ్ థ్యూరర్ చేసిన ఆట. నేలలో గుంతలోంచి రాక్షసులు పైకి ఎక్కివస్తున్నట్టు తనకు వచ్చిన పీడకల నుంచి ఈ ఆలోచన పుట్టిందని ఆయనే చెప్పారు. మొదట్లో ఆటలో మనం కదలకుండా ఉంటే, ఆ రాక్షసులు ఎక్కివచ్చే గొట్టమే తిరిగేలా చేశారట. ఆడేవాళ్లకు కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టయ్యేసరికి, గొట్టాన్ని ఆపేసి మనల్ని దాని అంచు చుట్టూ తిరిగేలా మార్చారు. ఆ మార్పే స్పిన్నర్‌కు పట్టం కట్టింది. అంచు చుట్టూ ఒక్క విసురులో తిరిగి, ఎదురుగా వస్తున్నదాన్ని కాల్చి, మళ్లీ సరిగ్గా ఒకే ఒక్క గడి పక్కకు జరగాలి. జాయ్‌స్టిక్‌తో ఇది ఆడితే, చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టు ఉంటుంది.

రెండోది అర్కనాయిడ్, 1986, టైటో కంపెనీది. ఇటుకలు పగలగొట్టే ఆటే, కానీ చాలా నేర్పు కావాలి. మనలో చాలామంది 90ల చివర్లో కంప్యూటర్‌లో మౌస్‌తో ఆడిన డీఎక్స్ బాల్‌కు ఇది అన్న లాంటిది. అసలు అర్కనాయిడ్ మెషిన్‌లో నాబ్‌కు, లోపలి గాళ్ల చక్రానికి మధ్య పళ్ల చక్రాలు ఉండేవి. నాబ్ కొంచెం కదిపితే లోపలి చక్రం చాలాసార్లు తిరిగేది. అందుకే అంత సన్నగా, వెంట్రుకవాసి తేడాతో బ్యాటును జరపగలిగేవాళ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కౌంట్ల గురించి మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఆ తర్వాత 1982 నాటి ట్రాన్. ఇందులో ఎడమచేతికి స్పిన్నర్, కుడిచేతికి ట్రిగ్గర్ ఉన్న జాయ్‌స్టిక్. 1981 నాటి ఒమేగా రేస్, 1983 నాటి మ్యాడ్ ప్లానెట్స్, 1987 నాటి బ్లాస్టరాయిడ్స్, 1989 నాటి కామెల్‌ట్రై కూడా ఈ కోవలోవే. కామెల్‌ట్రైలో బంతిని కదపం, మొత్తం చిక్కుదారినే తిప్పుతాం. పిల్లలకు బాగా నచ్చుతుంది.

1986 నాటి ఇకారి వారియర్స్‌కు కూడా స్పిన్నర్ వాడతారు కానీ, దాని అసలు కంట్రోల్ వేరు. పైభాగం 12 మెట్లుగా తిరిగే జాయ్‌స్టిక్ అది. స్పిన్నర్‌తో పని గడుస్తుంది, ఆ రుచి రాదు.

నాకు నిజంగా అవసరమా, లేక ఉత్త మోజేనా?

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. కంప్యూటర్ దృష్టిలో స్పిన్నర్ అంటే అడ్డంగా మాత్రమే కదిలే మౌస్. కాబట్టి ముందు మేమ్‌లో (పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపించే ప్రోగ్రామ్, ఇలాంటివాటినే ఎమ్యులేటర్లు అంటారు) మామూలు మౌస్‌తో అర్కనాయిడ్, టెంపెస్ట్ ఓ వారం ఆడండి. రాత్రి భోజనం అయ్యాక "ఇంకొక్కసారి" అని మళ్లీ కూర్చుంటున్నారంటే స్పిన్నర్ కొనండి. రెండు రోజుల్లో విసుగొచ్చి ఫైటింగ్ గేముల వైపు వెళ్లిపోతే ఆ డబ్బుతో మంచి జాయ్‌స్టిక్ తీసుకోండి. జాయ్‌స్టిక్, బటన్లు బిగించే ప్యానెల్‌లో స్పిన్నర్‌కు చోటు మాత్రం వదిలిపెట్టుకోండి. తర్వాత మనసు మారితే ప్లైవుడ్ మళ్లీ కోయించక్కర్లేదు.

రెడీమేడ్‌గా ఏవి దొరుకుతాయి?

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. అల్టిమార్క్ వాళ్ల స్పిన్‌ట్రాక్, గ్రూవీ గేమ్ గేర్ వాళ్ల టర్బోట్విస్ట్ 2, అపాచీ కంట్రోల్స్ వాళ్ల బ్లాక్‌హాక్. మూడూ విదేశాల నుంచి తెప్పించుకోవాల్సినవే. వస్తువు ధర ఒక్కటే చూసి లెక్క వేసుకోకండి. కొరియర్ ఖర్చు, కస్టమ్స్ డ్యూటీ కలిసేసరికి బిల్లు ఇంకోలా ఉంటుంది. అమెరికాలో ఉన్న తమ్ముడో, ఫ్రెండో సెలవులకు వస్తుంటే సూట్‌కేసులో చోటు అడగండి. నా మొదటిది అలాగే, చీరల మధ్య చుట్టుకుని వచ్చింది.

కొనేటప్పుడు యూఎస్‌బీ బోర్డు కలిపి ఇస్తున్నారా, విడిగా కొనాలా అన్నది తప్పకుండా చూసుకోండి. వట్టి స్పిన్నర్‌లోంచి నాలుగు వైర్లు మాత్రమే వస్తాయి, వాటిని నేరుగా కంప్యూటర్‌కు పెట్టలేం.

కౌంట్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?

అస్సలు కాదు. వాపును చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే.

ఒక చుట్టు తిరిగితే ఎన్ని గుర్తులు వస్తాయన్నదే కౌంట్. స్పిన్‌ట్రాక్ 1200 అంటుంది. బజారులో దొరికే ఇండస్ట్రియల్ ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో లెక్కపెట్టే డబ్బా) మీద 600 అని ఉంటుంది. 600 తక్కువ అనుకోకండి. రెండు సెన్సర్ల వెలుగు, చీకటి అంచులన్నీ లెక్కపెడితే ఒక్కో గాడికి నాలుగు గుర్తులు వస్తాయి, అంటే చుట్టుకు 2400. ఒకరు గాళ్లు చెబుతారు, ఇంకొకరు అంచులు చెబుతారు. అందుకే రెండు డబ్బాల మీది అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

80ల నాటి టెంపెస్ట్ చక్రానికి ఇంత సన్నటి గాళ్లు లేవు. వందకు లోపే ఉండేవి. అయినా ఆ మెషిన్ ముందు నిలబడినవాళ్లు ఈ రోజుకీ దాని గురించి చెబుతుంటారు. అర్కనాయిడ్‌కే పళ్ల చక్రాల వల్ల ఎక్కువ కౌంట్ వచ్చేది. మీ స్పిన్నర్ ఆ రెండింటినీ దాటి ఉంటే చాలు, మిగతాది సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు. తక్కువున్నదాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెంచితే బ్యాటు గంతులేస్తూ కదులుతుంది, ఎక్కువున్నదాన్ని తగ్గిస్తే ఏ నష్టమూ లేదు. కాబట్టి కొన్ని వందలు దాటాక ఆ అంకె గురించి టెన్షన్ పెట్టుకోవడం మానేయండి.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి?

బేరింగ్‌ను, షాఫ్ట్‌ను. ఆట బాగుండేదీ చెడేదీ అక్కడే.

స్పిన్నర్ చేతికొచ్చాక నేను మూడు పనులు చేస్తాను. నాబ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపుతాను. పన్ను కదిలినట్టు కొంచెమైనా కదిలితే పక్కన పెట్టేస్తాను. ఒకే ఒక్క బేరింగ్ ఉన్నవాటిలో ఈ ఊగులాట ఎక్కువ. రెండు బేరింగులు, వాటి మధ్య కాస్త దూరం ఉంటే షాఫ్ట్ నిటారుగా నిలబడుతుంది. తర్వాత కళ్లు మూసుకుని చాలా నెమ్మదిగా, గడియారం ముల్లులా ఒక చుట్టు తిప్పుతాను. ఎక్కడైనా ఇసుక రేణువు తగిలినట్టు, లేదా ఒకచోట బిగుతుగా మరోచోట వదులుగా అనిపిస్తే ఆ తేడా ఆటలో పదింతలై కనిపిస్తుంది. చివరికి ఒక విదిలింపు. శబ్దం వినండి. మంచి బేరింగ్ నుంచి సన్నటి "ష్" తప్ప ఇంకేమీ రాకూడదు. గలగలమంటే లోపల గ్రీజు లేదు, లేదా ఏదో వదులైంది.

నాబ్ బరువుగా ఉండాలా, తేలికగానా?

మీ ఆటను బట్టి. బరువైన అల్యూమినియం నాబ్ ఉంటే విదిలించాక అది తన బరువుతో తానే తిరుగుతుంది. టెంపెస్ట్‌కు అదే కావాలి. అదే నాబ్‌తో అర్కనాయిడ్ ఆడితే, బంతి దిక్కు మారినప్పుడు నాబ్ ఇంకా పాత వైపే లాగుతున్నట్టు ఉంటుంది. దానికి తేలికది నయం. నేను ఎక్కువగా అర్కనాయిడ్ ఆడతాను కాబట్టి మధ్యరకం నాబ్ వాడుతున్నాను. టెంపెస్ట్‌లో కొంచెం పోగొట్టుకున్నా, అది ఒప్పుకోదగ్గ నష్టమే.

రంధ్రం కొలత మాత్రం సరిచూసుకోండి. విదేశీ స్పిన్నర్ల షాఫ్ట్ సాధారణంగా పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. మన దగ్గర ఆంప్లిఫయర్లకు వాడే నాబుల రంధ్రం 6 మిల్లీమీటర్లు. ఈ నాబ్ ఆ షాఫ్ట్‌కు ఎక్కదు. పావు అంగుళం రంధ్రమున్న నాబ్‌ను 6 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు పెడితే స్క్రూ ఎంత బిగించినా ఓ పక్కకు ఒరిగి, తిరిగినప్పుడల్లా ఊగుతుంది.

ఇక్కడే విడిభాగాలు కొని సొంతంగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఇప్పుడు నా ప్యానెల్ మీద ఉన్నది అలా చేసుకున్నదే, విదేశాల నుంచి వచ్చినదానికంటే నాకు అదే ఇష్టం. కావాల్సినవి: 600 గాళ్ల ఆప్టికల్ రోటరీ ఎన్‌కోడర్ ఒకటి, ఆర్డుయినో ప్రో మైక్రో బోర్డు (మనం ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ఒకటి, అల్యూమినియం నాబ్ ఒకటి, రెండు రెసిస్టర్లు. హైదరాబాద్ వాళ్లకు కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది, చెన్నైలో ఉన్నవాళ్లకు రిచీ స్ట్రీట్ ఉంది. ఒక్క సాయంత్రంలో అన్నీ కొనేయొచ్చు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

బోర్డు విషయంలో ఒక జాగ్రత్త. ఆర్డుయినో ఊనో కొనకండి. అది తనంతట తాను మౌస్‌లా నటించలేదు. ప్రో మైక్రో, లియొనార్డో బోర్డుల మీదున్న 32యూ4 చిప్ అయితే కంప్యూటర్‌కు అచ్చం మౌస్‌లాగే కనిపిస్తుంది. ప్రో మైక్రోలోనూ రెండు రకాలున్నాయి. 5 వోల్టులది, 16 మెగాహెర్ట్జ్‌ది అడిగి తీసుకోండి.

వైర్లలో సాధారణంగా ఎర్రది పవర్, నల్లది గ్రౌండ్, ఆకుపచ్చ, తెలుపు రెండూ సిగ్నల్. అయినా ఎన్‌కోడర్ మీది స్టిక్కర్ చదవకుండా కలపకండి. సిగ్నల్ వైర్లు రెండింటినీ 2, 3 పిన్నులకు పెట్టండి. ఆ పిన్నులు ఇంటరప్ట్‌ను పట్టుకుంటాయి, అంటే సిగ్నల్ మారగానే బోర్డు చేస్తున్న పని ఆపి దాన్ని లెక్కపెడుతుంది, ఏ గుర్తునూ వదలదు. ఈ ఎన్‌కోడర్లలో ఎక్కువ వాటికి అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ రకం. అంటే అది వైరును కిందికి లాగగలదు తప్ప పైకి ఎత్తలేదు. పైకి ఎత్తడానికే ఆ రెండు రెసిస్టర్లు, సిగ్నల్ వైరుకూ 5 వోల్టులకూ మధ్య ఒక్కోటి 4.7 కిలో ఓములది. బోర్డు లోపల ఇలాగే పైకి ఎత్తే రెసిస్టర్‌తోనూ (పుల్-అప్) నడుస్తుంది కానీ, జోరుగా తిప్పితే తడబడుతుంది.

ఇక అసలు సమస్య. ఎన్‌కోడర్ డబ్బా విప్పి షాఫ్ట్ తిప్పగానే నా గుండె జారింది. బెల్లం పాకంలో గరిట తిప్పినట్టుంది. విదిలిస్తే పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. అమ్మినవాళ్లను అడిగితే "అది అంతే సార్, ఫ్యాక్టరీ మెషిన్లకు కదా" అన్నారు. నిజానికి వాళ్ల మాట తప్పు కాదు. ఫ్యాక్టరీలో నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా షాఫ్ట్ చుట్టూ రబ్బరు సీలు పెడతారు, బేరింగ్‌లో చిక్కటి గ్రీజు కూరతారు. మోటారు తిప్పేదానికి అది అడ్డం కాదు, మన రెండు వేళ్లకే అడ్డం.

నేను చేసింది ఇది. ముందువైపు సీలును సన్నటి సూదితో, షాఫ్ట్‌కు గీత పడకుండా పైకి లేపి తీసేశాను. షాఫ్ట్‌ను కిందికి వంచి పట్టుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సిరంజీతో చుక్క చుక్కగా బేరింగ్ మీద వేస్తూ తిప్పాను. తేనెరంగు గ్రీజు కరిగి దూది మీదికి దిగింది. షాఫ్ట్‌ను కిందికి వంచి పట్టుకోవడం ముఖ్యం, లేకపోతే ఆ కరిగిన గ్రీజు లోపలికి పోయి గాళ్ల చక్రం మీద పడుతుంది. నాలుగైదుసార్లు చేశాక పూర్తిగా ఆరనిచ్చి, కుట్టు మిషన్ నూనె రెండంటే రెండు చుక్కలు వేశాను. అప్పుడు విదిలిస్తే అది తిరుగుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. మా ఆవిడను పిలిచి మరీ చూపించాను.

బిగించేటప్పుడు షాఫ్ట్ పైకి రావడం లేదు. ఏం చేయాలి?

ఆ ఎన్‌కోడర్ షాఫ్ట్ బయటికి ఉండేది సుమారు 13 మిల్లీమీటర్లే. మీ ప్యానెల్ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే షాఫ్ట్ లోపలే ఉండిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. వడ్రంగితో కింది వైపు నుంచి గుంత చెక్కించి ఆ చోట చెక్కను పలచన చేయించడం ఒకటి. పెద్ద రంధ్రం పెట్టి, దానిపై 2 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు బిగించి, ఎన్‌కోడర్‌ను ప్లేటుకు వేలాడదీయడం రెండోది. రెండోదే మేలు. కోస్తాలో వానాకాలం చెక్క ఉబ్బినా ప్లేటు కదలదు.

క్లిక్ క్లిక్ మంటూ తిరిగే చిన్న ఎన్‌కోడర్లు చాలా చవక కదా, అవి వాడొచ్చా?

వద్దు. స్టీరియో వాల్యూమ్‌కు వాడేవి అవి. చుట్టుకు ఇరవై మెట్లు, ప్రతి మెట్టు దగ్గరా ఆగుడు. లోపల లోహపు రేకులు రాసుకుని పనిచేస్తాయి కాబట్టి ఆట ఆడే జోరుకు త్వరగా అరిగిపోతాయి.

నా జాయ్‌స్టిక్, బటన్ల బోర్డుకే స్పిన్నర్ కూడా కలపొచ్చా?

బజారులో ఎక్కువగా దొరికే జీరో డిలే రకం బోర్డుకైతే కుదరదు. అది స్విచ్ నొక్కారా, వదిలారా అన్నది మాత్రమే చూస్తుంది. స్పిన్నర్ సిగ్నల్‌ను చదివే పని దానికి తెలియదు. స్పిన్నర్‌కు ప్రత్యేకంగా బోర్డు ఉండాల్సిందే.

వేగంగా తిప్పితే బ్యాటు ఉన్నట్టుండి వెనక్కి పోతోంది. స్పిన్నర్ పాడైందా?

చాలాసార్లు స్పిన్నర్ తప్పు ఉండదు, లెక్క పొంగిపోతోంది. ఒకసారి వేసి చూద్దాం.

చుట్టుకు 2400 గుర్తులు. గట్టిగా విదిలిస్తే సెకనుకు 7 చుట్లు తిరిగిందనుకోండి, సెకనుకు 16,800 గుర్తులు. మీ బోర్డు ఆ కదలికను సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కు పంపుతుంటే ఒక్కోసారికి 134 పడుతుంది. ఈ బోర్డు మౌస్‌లా ఒక్కసారికి పంపగలిగే పెద్ద అంకె మామూలుగా 127. అది దాటితే, స్కూటర్ మీటరు 99999 తర్వాత సున్నాల్లో పడినట్టు, 134 కాస్తా వెళ్లి మైనస్‌లో పడుతుంది. కంప్యూటర్ దాన్ని "వెనక్కి తిప్పారు" అని చదువుతుంది. బంతి కుడికి వస్తుంటే మన బ్యాటు ఎడమకు దూకుతుంది.

మందు తేలికే. బోర్డులోని ప్రోగ్రామ్‌లో లెక్కను నాలుగుతో భాగించండి. అప్పుడు అదే విదిలింపుకు ఒక్కోసారికి 34 లోపే వస్తుంది. భాగించగా మిగిలిన శేషాన్ని పారేయకుండా తర్వాతి లెక్కలో కలపడం మరవద్దు. లేకపోతే నెమ్మదిగా తిప్పినప్పుడు కదలిక మాయమవుతుంది. అర్కనాయిడ్‌లో ఒక్క వెంట్రుకవాసి జరపాల్సిన చోట నేను ఇలాగే రెండు రోజులు తల పట్టుకున్నాను.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వెనక్కి పోతుంటే, ఎమ్యులేటర్‌లో సెన్సిటివిటీ (నాబ్ ఇంత తిప్పితే బ్యాటు ఎంత కదలాలన్న అంకె) మరీ ఎక్కువ పెట్టారేమో చూడండి. పాత మెషిన్లలో స్పిన్నర్‌ను లెక్కపెట్టే కౌంటర్లు చాలా చిన్నవి. ఒక్క ఫ్రేమ్‌లో అది మోయలేనంత కదలిక వస్తే అదీ ఇలాగే తలకిందులవుతుంది.

మేమ్‌లో ఏం మార్చాలి?

ముందు సెట్టింగుల ఫైలులో మౌస్‌ను ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆట తెరిచి ట్యాబ్ నొక్కితే మెనూ వస్తుంది. అందులో ఇన్‌పుట్ సెట్టింగుల్లోకి వెళ్లి, డయల్ అన్న వరుసను ఎంచుకుని స్పిన్నర్‌ను తిప్పితే అదే పట్టుకుంటుంది. కొన్ని ఆటల్లో అది డయల్ బదులు పాడిల్ పేరుతో ఉంటుంది.

ఆ తర్వాత అనలాగ్ సెట్టింగుల్లో సెన్సిటివిటీ. ప్రతి ఆటకూ విడిగా సరిచేసుకోవాలి, అన్నింటికీ ఒకే అంకె పెడితే ఏ ఆటా బాగుండదు. నా పద్ధతి చెబుతాను. నాబ్ మీద చిన్న తెల్ల టేపు ముక్క అతికిస్తాను. అర్కనాయిడ్‌లో బ్యాటును ఎడమ గోడకు ఆనించి, టేపు ఎక్కడుందో చూసుకుని, కుడి గోడ దాకా తిప్పుతాను. ముప్పావు చుట్టుకు దగ్గరగా వచ్చేదాకా సెన్సిటివిటీ మారుస్తాను. నా చేతికి అది సరిపోతుంది. మీ మణికట్టు ఎంతవరకు హాయిగా తిరుగుతుందో చూసుకుని మీ కొలత పెట్టుకోండి. దిక్కు తలకిందులైతే అదే మెనూలో రివర్స్ ఉంది, వైర్లు విప్పక్కర్లేదు.

వేరే ఎమ్యులేటర్లు వాడేవాళ్లు విండోస్‌లో పాయింటర్ ప్రెసిషన్‌ను ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు ఎంత వేగంగా తిప్పారన్నదాన్ని బట్టి కదలిక మారుతుంది. చేతికి అలవాటు కుదరదు.

ఇద్దరు ఆడాలంటే రెండు స్పిన్నర్లు పెట్టొచ్చా? ట్రాక్‌బాల్ (అరచేత్తో దొర్లించే బంతి) కూడా ఉంది.

పెట్టొచ్చు. మేమ్ ఒక్కో మౌస్‌ను విడివిడిగా గుర్తించగలదు, మొదటిది ఒకరికి, రెండోది ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. ట్రాక్‌బాల్ ఉన్నప్పుడు అది అడ్డం, నిలువు రెండు దిక్కులూ వాడుకుంటుంది కాబట్టి స్పిన్నర్‌ను వేరే మౌస్‌గానే ఉంచండి. తేడా పాడా వస్తే చాలావరకు యూఎస్‌బీ పోర్టు మార్చినందుకే. ఒకసారి కుదిరాక ఏ తీగ ఏ పోర్టులో ఉందో స్టిక్కర్ అంటించుకోండి.

పైకి లాగి, కిందికి నొక్కే స్పిన్నర్లు ఉన్నాయట. తీసుకోవాలా?

1983 నాటి డిస్క్స్ ఆఫ్ ట్రాన్ కోసం. అందులో నాబ్‌ను లాగడం, నొక్కడం ద్వారా గురిని పైకీ కిందికీ మారుస్తారు. ఆ ఆట మీకు ప్రాణమైతే తీసుకోండి. లేదంటే మామూలుదే మేలు. కదిలే భాగం ఒకటి తగ్గితే ఊగులాట ఒకటి తగ్గుతుంది.

స్పిన్నర్ మీద స్టీరింగ్ పెట్టి కార్ల ఆటలు ఆడొచ్చా?

ఆగకుండా తిరిగే స్టీరింగ్ ఉన్న ఆటలకు భేషుగ్గా పనికొస్తుంది. 1986 నాటి సూపర్ స్ప్రింట్, 1989 నాటి సూపర్ ఆఫ్ రోడ్ అలాంటివే. అసలు మెషిన్ల మీద ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడేవాళ్లు. 1986 నాటి అవుట్ రన్‌కు మాత్రం సరిపడదు. దాని స్టీరింగ్ రెండు వైపులా ఆగుతుంది, వదిలితే మధ్యకు వస్తుంది. స్పిన్నర్ మధ్యకు రాదు.

ప్యానెల్ మీద ఎక్కడ పెట్టాలి?

మీ నేర్పున్న చెయ్యి ఏది అన్నదాన్ని బట్టి. కుడిచేతి వాటం వాళ్లు అర్కనాయిడ్‌కు కుడిచేత్తో నాబ్ పట్టుకుంటారు. ట్రాన్‌కేమో ఎడమచేత్తో పట్టాలి. రెండూ కావాలంటే నాబ్‌ను మధ్యన పెట్టి రెండు పక్కలా ఒక్కో ఫైర్ బటన్ పెట్టండి. చుట్టూ నాలుగు వేళ్లు తిరిగేంత ఖాళీ వదలాలి. మా ఇంట్లో మొదటి ప్యానెల్‌లో నాబ్‌కూ జాయ్‌స్టిక్‌కూ మధ్య అరచెయ్యి కూడా పట్టలేదు. విదిలించిన ప్రతిసారీ వేలి కణుపులు జాయ్‌స్టిక్‌కు తగిలేవి. డ్రిల్ పట్టుకునే ముందు అట్టముక్క మీద గీసి, నాబ్‌ను దానిపై నిలబెట్టి, నిలబడి ఆడినట్టు చేతులు ఆడించి చూడండి. కూర్చుని చూస్తే కొలత తప్పుతుంది.

లోహపు నాబ్ పెట్టినవాళ్లు అది బిగించిన ప్లేటుకు ఎర్త్ వైరు కలపండి. చలికాలం పొడి గాలికి ఒంట్లోంచి చిటుక్కుమనే కరెంటు బోర్డులోకి పోకుండా ఉంటుంది.

సంరక్షణ ఎలా? ఎంతకాలం వస్తుంది?

మూసి ఉన్న ఎన్‌కోడర్ అయితే మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. గాళ్ల చక్రం బయటికి కనిపించే రకం అయితే ఏడాదికి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. అలాంటివాటి మీద ఎండ నేరుగా పడితే సెన్సర్లు తికమకపడి బ్యాటు వణుకుతుంది. క్యాబినెట్ తలుపు తెరిచి పరీక్షించేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

తిరగడం బిగుసుకుంటే, ఇంట్లో తలుపు బందులకు కొట్టే తుప్పు స్ప్రే మాత్రం తేవద్దు. అది ఉన్న గ్రీజును కరిగించి, సెన్సర్ల మీద పొరలా పేరుకుంటుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఆల్కహాల్‌తో కడిగి, కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు. అంతే.

నాబ్ స్క్రూ నెలల తరబడి విదిలింపులకు వదులవుతుంది. బ్యాటు అప్పుడప్పుడు స్పందించకపోతే ఎమ్యులేటర్ విప్పకముందు ఆ స్క్రూ చూడండి. నాబ్ తిరుగుతూ షాఫ్ట్ ఆగి ఉందేమో. మా చిన్నోడు ఓ ఆదివారం "నాన్నా, గేమ్ పాడైంది" అంటే మధ్యాహ్నం దాకా సెట్టింగులన్నీ తిరగేశాను. అలెన్ కీ అర చుట్టు తిప్పగానే బ్యాటు కదిలింది. అప్పటి నుంచి ఆ కీని క్యాబినెట్ తలుపు లోపలివైపు మేకుకు తగిలించి ఉంచాను.